సీసా వదిలేసిన బావ

బావ పోయాడన్న కబురు నాకు దుబాయ్ ఎయిర్‌పోర్టులో తెలిసింది. అట్టముక్క మీద తెలుగులో "దొంగ బావకు స్వాగతం" అని రాసి పట్టుకుని నిలబడ్డాను. నార్వే సైకిల్ టీమువాళ్లు ఒక్కొక్కరే సామాన్లు తోసుకుంటూ బయటికొచ్చారు. అందరికన్నా చిన్నవాడు, మేమంతా పిల్లోడు అని పిలిచేవాడు, ఆఖర్న వచ్చాడు. అట్ట మీద అక్షరాలు వాడికి రావు గానీ, అది ఎవరికోసమో తెలుసు. "ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తుంటే గుండె ఆగిపోయింది. పోయిన వారం" అన్నాడు.

ఎడారి గాలికి ఎదురు తొక్కిన మనిషి పార పట్టుకుని పోవడమేంటి? నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. చదివింది ఏడో తరగతి, పైగా కోపం. మాటలు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

బావ మాకు చుట్టం కాదు. నేను జెబెల్ అలీలో కంపెనీ వ్యాను నడుపుతాను. కరోనా తగ్గినప్పటి నుంచి ఈ టీము ఏటా చలికాలం ఇక్కడికి ప్రాక్టీసుకు వస్తోంది. మా ముదీర్, అదే మేనేజరు, వ్యానునూ నన్నూ కలిపి వాళ్లకు అప్పగిస్తాడు. మొదటి ఏడాది వాళ్లలో పెద్దవాడు, నలభైకి దగ్గరపడ్డ మనిషి, "మీ భాషలో మర్యాదగా ఎలా పిలవాలి?" అని అడిగాడు. "బావా అనాలి" అని చెప్పాను. ఆ పూట ఆయన కోచ్‌ను, వాచ్‌మన్‌ను, పెట్రోలు బంకులో పఠాన్‌ను అందరినీ బావా అన్నాడు. హోటల్లో గదులు సర్దే రాజోలు అక్క నా మీదికి వచ్చింది. "ఏం నేర్పావురా సచ్చినోడా! మీ తెల్లోడు నన్ను పట్టుకుని బావా అంటున్నాడు!"

సంగతి తెలిశాక అందరినీ వదిలేసి నన్నొక్కడినే బావా అనడం మొదలుపెట్టాడు. నేనూ అలాగే అన్నాను. సగం ఇంగ్లీషు, సగం సైగలు, మధ్యలో బావా. ఆయన అరటిపండు రొట్టెలో ఆవకాయ పెట్టాను. కళ్లు కారుతున్నా నమిలి మింగి, "ఇంకోటుందా?" అన్నాడు. మర్నాడు చూస్తే నా చెప్పులు వ్యాను పైన సైకిళ్ల పక్కన బిగించి కట్టి ఉన్నాయి. కాలే తారు మీద గంతులేస్తూ ఆయన్ని వెంటాడాను.

పొద్దున్నే బయలుదేరే ముందు తన టైరును బొటనవేలితో నొక్కేవాడు. తర్వాత పిల్లోడి టైరు కూడా నొక్కేవాడు. గాలి ఎదురుకొట్టి పిల్లోడు విసుక్కుంటే, "గాలి మీద కోపమెందుకు? దానికి నువ్వెవరో తెలియదు" అనేవాడు.

సైకిల్ పందెంలో అందరూ గెలవడానికి తొక్కరని ఆయన వల్లే తెలిసింది. ఒకడు గెలవడానికి మిగతావాళ్లు ముందుండి గాలిని మోస్తారు. బావ జీవితమంతా ఆ మోతపనే చేశాడు. "ఎప్పుడన్న గెలిచినవా బావా?" అని అడిగితే, "ఒకసారి. ముందున్నవాళ్లు దారి తప్పారు" అన్నాడు.

వయసు మీదపడింది. కోచ్ నా ముందే చెప్పాడు: ఇక్కడి పందెంలో చివరిదాకా గుంపుతో ఉంటే ఇంకో ఏడాది టీములో ఉంచుతాను, లేదంటే ఖలాస్. ఇన్నేళ్లు వస్తూ అరబ్బీలో ఆ ఒక్క ముక్కే నేర్చుకున్నాడు మహానుభావుడు.

పందెం రోజు పక్కనుంచి ఇసుకగాలి. కోచ్ కారు నడుపుతున్నాడు. నేను పక్క సీట్లోంచి నీళ్ల సీసాలు అందిస్తున్నాను. సగం దారిలో పిల్లోడి చక్రం పంక్చరైంది. చక్రం మార్చేలోగా గుంపు వెళ్లిపోయింది. బావ ఆగాడు. ఆగమని ఎవరూ అనలేదు. పిల్లోణ్ణి వెనక పెట్టుకుని, గాలినంతా తనే తిని, గుంపు దాకా చేర్చాడు. అంతే, కాళ్లు అయిపోయాయి. తను వెనకబడ్డాడు.

సీసా ఇవ్వడంలో ఒక కిటుకుంది. తీసుకునేవాడు వెంటనే లాక్కోడు, ఇచ్చేవాడు వెంటనే వదలడు. ఆ కాసేపూ కారే మనిషిని లాక్కుపోతుంది. తప్పే, కానీ అందరూ చేసేదే. చూసేవాళ్లూ చూడనట్టే ఉంటారు. కారు ఆయన పక్కకి రాగానే సీసా చాపాను.

"పట్టుకో బావా! గట్టిగ పట్టుకో, నేనిడువ!"

పట్టుకున్నాడు. కోచ్ వేగం పెంచాడు. గుంపు దగ్గరపడుతోంది. ఇంకొంచెం, ఇంకొంచెం. అప్పుడు బావ తలెత్తి ముందుకు చూశాడు. వేళ్లు విప్పేశాడు. సీసా నా చేతిలోనే ఉంది. ఒక్క గుక్క కూడా తాగలేదు, మొండిఘటం.

తిరుగు దారిలో వ్యానులో అరిచాను. "ఎందుకిడిసినవ్? మీ అయ్య జాగీరేమన్న పోతుండెనా?"

"పిల్లోడు వెనక్కి తిరిగి చూస్తున్నాడు బావా."

"చూస్తే చూసిండు! వాడు పోయి ఎవలకు చెప్తడు?"

"ఎవరికీ చెప్పడు. నేర్చుకుంటాడు."

ఆ పందెం పిల్లోడు గెలిచాడు. కోచ్ తన మాట నిలబెట్టుకున్నాడు, బావను టీములోంచి తీసేశాడు. ఈ ఒక్క మాటే నిలబెట్టుకోవాలా? బావ ఇంటికెళ్లి ఊళ్లో పిల్లలకు సైకిల్ నేర్పాడు. ఫోన్‌లో మంచు చూపించి నవ్వేవాడు. నేను నస పెట్టాను: "తొక్కకుంటే మానె, నా పక్కన కూసొని సీసాలందియ్యి." పిల్లోడు కూడా కోచ్ వెంటపడి ఒప్పించాడు. అలా ఈసారి రావలసినవాడు. అందుకే ఆ అట్టముక్క.

ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ పిల్లోడే అన్నాడు, టీములో ఉన్నవాళ్లకు ఏటా గుండె పరీక్ష చేస్తారని. ఇంకో ఏడాది ఉంటే ఆ జబ్బు మిషనుకు దొరికేదేమో. దొరికేది కాదేమో. ఎవరిని పోయి అడగను? ఆయన వేళ్లు ఇంకాసేపు బిగిసి ఉంటే అడిగే పనే ఉండేది కాదు.

మొన్న ప్రాక్టీసులో పిల్లోడు ఎదురుగాలికి వెనకబడ్డాడు. పందెం కాదు, తప్పుపట్టేవాళ్లెవరూ లేరు. కోచ్ కారు కిటికీలోంచి సీసా చాపాను. "పట్టుకో బిడ్డా, ఎవలు చూస్తలేరు" అన్నాను. వాడికి మాట అర్థం కాకపోయినా నా చేతి పట్టు అర్థమైంది. పట్టుకున్నాడు. నేను వదల్లేదు. వాడు నా ముఖంలోకి చూశాడు, వేళ్లు విప్పాడు, తల వంచి తొక్కుకుంటూ వెనకే ఉండిపోయాడు.

"చెయ్యి లోపలికి తియ్" అన్నాడు కోచ్.

చాలాసేపు తియ్యలేదు. కిటికీ బయట, ఎండలో, నిండు సీసాలో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉన్నాయి.