తీసేసి చూడటం

టేపు చుట్టకు కొస ఎక్కడుందో కంటికి కనిపించకపోవడం నా జీవితంలోని పెద్ద కష్టాల్లో ఒకటి. మిగతావి దీనికంటే చిన్నవని కాదు, వాటికి అలవాటు పడ్డాను. ఈ ఉదయం కాలేజీ తలుపుకు నోటీసు అంటించడానికి గోటితో చుట్టంతా గీరుతుంటే, ఆ జిగురు వాసనకు మస్తాన్ గారు గుర్తొచ్చారు.

నెల్లూరులో నేను పరిశోధన చేసిన ల్యాబుకు ఆయన అసిస్టెంటు. అంతకుముందు బజారులో గడియారాలు బాగుచేసేవారు. గ్రాఫైటును టేపుతో పదేపదే ఒలిచి, చివరికి కొన్ని పరమాణువుల మందాన మిగిలే గ్రాఫీన్ పొరను వెంట్రుకంత గాజు తీగ కొసకు అంటించడం నా పని. ఆ పొర బలహీనమైన కాంతిని మింగేసి బలమైనదాన్ని వదులుతుంది. దాంతో తీగలో ఎడతెగకుండా తిరిగే లేజరు కాంతి విడివిడి మెరుపులుగా, పల్స్‌లుగా బయటికొస్తుంది. రావాలి. రెండేళ్ళు రాలేదు.

ఫెలోషిప్ ముగియడానికి ఇంకా మూడు నెలలుందనగా ఒక మధ్యాహ్నం తెరమీద పల్స్‌లు వరుసగా నిలబడ్డాయి. వాకాడులో అమ్మకు ఫోన్ చేశాను, గైడుకు చెప్పాను, మలైకాజాలు తెచ్చి వరండాలో పోయేవాళ్ళకు కూడా పంచాను. మస్తాన్ గారు కాజా చేతిలో పట్టుకుని, తినకుండా అడిగారు.

“గ్రాఫీన్ తీసేసి చూసినావా, అబ్బయా?”

పనిచేస్తున్నదాన్ని ఎవరైనా తీస్తారా అన్నాను. గడియారం తిరగడం మొదలుపెట్టాక, తాను కొత్తగా వేసిన ముక్కను తీసి పాతదే పెట్టి, అది మళ్ళీ ఆగితేనే కొత్తది బిగించి మనిషికి ఇచ్చేవారట. దుమ్ము దులిపినందుకే తిరిగే గడియారాలు చాలా ఉంటాయట.

తీశాను. పల్స్‌లు అలాగే ఉన్నాయి. తీగ మెలిపడిన తీరుకే అవి వస్తున్నాయి. గ్రాఫీన్ పెళ్ళికి వచ్చిన దూరపు చుట్టం. గదిలో ఇద్దరమే ఉన్నాం. పొర మళ్ళీ పెట్టేసి ఊరుకుంటే పేపరూ వస్తుంది, డిగ్రీ వస్తుంది. ఆ మాట నేను పైకి అనలేదు. అయినా ఆయన కాజాను తిరిగి డబ్బాలో పెట్టేశారు.

వెళ్ళి గైడుకు చెప్పాను. నా ప్రతిభ గురించి ఆయన అన్న మాటలు అచ్చుకు పనికిరావు. ఫెలోషిప్ ముగిసింది. ట్యూషన్లు చెప్పుకుంటూ మరో ఏడాది టేపు ఒలిచాను. చివరికొకరోజు గ్రాఫీన్ పెడితే పల్స్‌లు వచ్చాయి, తీస్తే పోయాయి, మళ్ళీ పెడితే వచ్చాయి. తెరమీద ఏమీ లేని గీతను చూసి అంత సంతోషించింది ల్యాబు చరిత్రలో నేనొక్కడినే. “ఇప్పుడు తీసకరా కాజా” అన్నారు మస్తాన్ గారు.

ఇప్పుడు నా విద్యార్థులు మంచి ఫలితం తెస్తే, ముందు ఏం తీసేయాలా అని చూస్తాను. అందుకే వాళ్ళెవరూ నాకు కాజాలు పెట్టరు.

ఆయన పోయి రెండేళ్ళయింది. చివరిసారి కోవూరులో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు థీసిస్ చేతికిచ్చి, కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు చూపించాను. అద్దాలు పెట్టుకుని చదివారు. పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పారు.

“నా పేరు తీసేసి చూసినావా? పుస్తకం ఇట్నే ఉంటది” అన్నారు.