మేకుకు వేలాడిన మాట

నేను కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. మా ఆయనకు బండలు పాలిష్ చేసే షెడ్డు ఉంది. రిపేరు జరిగేటప్పుడు మెయిన్ స్విచ్ పక్కన మేకుకు తగిలించడానికి ఒక అట్టముక్క మీద 'ట్రబుల్' అని నేనే రాసిచ్చాను. రిపేరు అయిపోయినా దాన్నెవరూ తీసేవాళ్లు కాదు. కొన్నాళ్లకు అది గోడలో కలిసిపోయింది.

పోయిన ఎండాకాలం ఒకరోజు క్లాసులో అదే మాటకు చిక్కు, ఇబ్బంది, ఆపద అని అర్థాలు రాయించాను. ఒంటిపూట బడి అయ్యాక క్యారియర్ తీసుకుని షెడ్డుకు వెళ్లాను. లోపల అలికిడి లేదు. ఒకటే ఉక్కపోత. ఫ్యాన్ కోసం అట్టను పక్కకు జరిపి మెయిన్ మీద చెయ్యి వేశాను. అది వేస్తే మిషన్ కూడా తిరుగుతుందన్న ధ్యాసే లేదు.

"మస్తానూ, వచ్చినావేమప్పా? ఆ పానా ఇట్లియ్యి. నా చెయ్యి బెల్టులో ఉండాది."

మిషన్ కింద నుంచి మా ఆయన గొంతు! పనివాడు మస్తాన్ వచ్చాడనుకున్నారు. నా వేళ్లు పిడి మీదే బిగుసుకుపోయాయి. రెండో చేత్తో ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పుకున్నాను.

ఆయన బయటికొచ్చి నన్నూ, అట్టనూ మార్చి మార్చి చూశారు.

"నువ్వు రాసిందే కదమే!" అన్నారు. అంతే.

పొద్దున నలభై మంది పిల్లల చేత ఆ మాటకు అర్థాలు రాయించినదాన్ని, నా చేతిరాతను నేనే చదవలేదు.

ఇప్పుడు పని కాగానే ఆ అట్టను తీసి సొరుగులో పెడుతున్నారు. షెడ్డులో అడుగుపెట్టగానే నా చూపు ముందు ఆ మేకు మీదికే పోతుంది. అది ఖాళీగా కనిపించాకే ఊపిరి పీల్చుకుంటాను.