చింతచిగురు తెమ్మన్న మాట

నారాయణఖేడ్ బస్టాండు పక్క చాయ్ హోటల్లో నా మాట నమ్మేవాడు ఒక్కడూ లేడు. మా ఎద్దు జాతరకని బీదర్ బస్సెక్కిందనీ, కండక్టరు దానికి హాఫ్ టికెట్టు కొట్టాడనీ చెబితే, "కిటికీ పక్క సీటేనా" అని అడిగి మరీ చాయ్ తాగిస్తారు. నా అబద్ధాల వల్ల ఎవరికీ నష్టం లేదని నా ధీమా.

కంగ్టిలో మా బావ పిడుగు పడి చనిపోయిన ఏడాది వానలు ముందే వచ్చాయి. బావ ఎవరి మాటా వినే మనిషి కాదు. ఆ మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఉంటే, పప్పులోకి చింతచిగురు తెమ్మంది అక్క. "మబ్బు పట్టింది గదనే" అంటూనే లేచి చేనికి పోయాడు. గట్టు మీది చింతచెట్టు కిందే దొరికాడు. చిగురు తువ్వాలలో మూట కట్టి ఉంది.

దినాలయ్యాక కూడా అక్క అన్నం సరిగా ముట్టలేదు. "నేను అనకపోతే పోకపోతుండె. పోకపోతే బతుకుతుండె." ఇదొక్కటే మాట. పక్కింటి పెద్దమ్మ ఓదార్చబోయింది.

"గట్ల రాసిపెట్టి ఉందే బిడ్డా. నువ్వేం జేస్తవ్."

"తెమ్మని అనుడు గూడ దేవుడే రాసిండా పెద్దమ్మా? మరి నడుమ నేనెందుకు?"

పెద్దమ్మ కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది. మబ్బుకు ఇష్టాయిష్టాలు ఉండవు. అక్క తన ఇష్టంతో అడిగిందా, బావ తన ఇష్టంతో పోయాడా అన్నదే ఆ ఇంట్లో తేలని సంగతి.

అప్పుడు నేను నోరు తెరిచాను. "అక్కా, బావ పొద్దుగాల్నే నాకు ఫోన్ జేసిండు. మధ్యాహ్నం పోయి గట్టు చూసొస్త అన్నడు. నువ్వు అనకున్నా పోతుండె."

ఫోనూ లేదు, ఏమీ లేదు. అలవాటైన నోరు, తడబడలేదు. ఆ పూట అక్క కడుపునిండా తింది. తిరుగు బస్సులో నా మీద నాకే గౌరవం కలిగింది.

మళ్లీ వెళ్లేసరికి అక్క వాకిట్లో గోడకానుకుని కూర్చుని ఉంది. ఏడుపు లేదు.

"తమ్మీ, నేనడగకున్నా పోతుండె అంటివి గదా."

"అవునక్కా."

"అంటే నా కోసమని లేవలే. పెండ్లయినకాంచి నా మాట ఇన్నది గదొక్కసారే అనుకున్న. అదీ గుంజుకుంటివి."

ఫోన్ రాలేదని, అంతా నేనల్లిందని చెప్పాను.

"ఇదన్న నిజమా? నీ మాట పట్టుకుని నేనెటు పోవాలె రా."

ఒట్టు పెట్టబోతే చెయ్యి తోసేసింది. తనే అంది: "తప్పు నాదే ఉండనియ్ తమ్మీ. నేనడిగితేనే పోయిండు."

అని, మళ్లీ మొదటి నుంచీ ఏడవడం మొదలుపెట్టింది. పక్కన కూర్చున్నాను. ఊరుకోమని అనలేదు.