పంచదార మానేసిన మిఠాయి కొట్టావిడ

2004లో నందిగామలో నాకు చిన్న క్లినిక్ ఉండేది. జగ్గయ్యపేటలో మిఠాయి కొట్టున్న రంగయ్య గారు ఒకరోజు భార్య రాజ్యలక్ష్మి గారిని తీసుకొచ్చారు. ఆవిడ రెండు చేతుల వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. పొద్దున లేచాక గంటసేపు పిడికిలి బిగించలేకపోతున్నారట. పరీక్షల్లో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే కీళ్ళ మీద పడే జబ్బు అది.

లడ్డూ పాకం కుదిరిందో లేదో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ సాగదీసి చూస్తారు. వాళ్ళ కొట్లో ఆ పని ఆవిడదే.

"ఈ వేళ్ళు పనికిరాకపోతే ఈయన జీతానికి మిఠాయి మాస్టర్ని పెడతారండీ. నా పొయ్యి దగ్గర ఇంకొకడు నిలబడితే నేను చూడలేను," అన్నారు.

మెతోట్రెక్సేట్ రాశాను. వారానికి ఒక్కరోజే వేసుకునే మాత్ర, ఆ కణాల దూకుడు తగ్గిస్తుంది. అక్కడితో ఊరుకోవాల్సింది. కానీ కొత్తగా చదివింది చెప్పాలని నాకు ఉబలాటం. "వాచిన కీళ్ళలో ఈ కణాలు శక్తి కోసం చక్కెరను గబగబా మండించేస్తాయి," అన్నాను.

"అయితే తిండి పెట్టకపోతే చస్తాయిగా!" అన్నారు రంగయ్య గారు.

నేను నవ్వి, తరువాతి పేషెంటును పిలిచాను.

నెల తరువాత వచ్చేసరికి ఆవిడ సగమైపోయారు. వేళ్ళ వాపు ఇంకా పెరిగింది.

"పంచదార, బెల్లం, అన్నం అన్నీ మానేశానండీ. ఈయనేమో ఎదురుగా కూర్చుని జాంగ్రీలు లాగిస్తున్నారు."

"కొట్టన్నాక రుచి చూడాలిగా మరి!" అన్నారు రంగయ్య గారు.

"మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగాను.

"ఎందుకండీ? అవే ఆకలికి పోతాయని మీరూ నవ్వారుగా!" అన్నారాయన.

సిగ్గుతో తల వంచుకున్నాను. తెలివి చూపించుకోవడానికి దొరికిన తీరిక, ప్రశ్నకు జవాబు చెప్పడానికి దొరకలేదు నాకు.

ఈసారి నిదానంగా చెప్పాను. మనం తినకపోయినా కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. ఆ కణాలకు తిండి అందుతూనే ఉంటుంది, చిక్కిపోయేది మనిషే. కణాలు శక్తిని ఖర్చుపెట్టేటప్పుడు అడినోసిన్ అనే పదార్థం పుడుతుంది. ఈ మందు దాన్ని పెంచి, ఆ కణాలను నెమ్మదింపజేస్తుంది.

"ఏం అర్థమైందో ఇప్పుడు మీరు చెప్పండమ్మా," అన్నాను.

ఆవిడ భర్త వైపు తిరిగారు. "ఏమండీ, పాకం పొంగుతుంటే మంట తగ్గిస్తామా, పంచదార తోడేస్తామా?"

ఆ రోజు నుంచీ, పేషెంటుకు ఏం అర్థమైందో వాళ్ళ నోట విన్నాకే ఇంకొకరిని పిలుస్తున్నాను.

దసరా దాటాక ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఆవిడ బల్ల మీద లడ్డూల పెట్టె పెట్టి, రెండు వేళ్ళూ దగ్గరికి చేర్చి మెల్లగా విడదీసి చూపించారు.

"ఈ పాకం నేనే చూశానండీ! సరే గానీ, ఈయనకి షుగర్ పరీక్ష రాయండి. నా వాటా కూడా ఈయనే తిన్నారు."

పెట్టె మీదికి వెళ్తున్న చెయ్యి రంగయ్య గారు చటుక్కున వెనక్కి తీసుకున్నారు. పరీక్ష రాసిచ్చి అడిగాను. "ఏం అర్థమైందో చెప్పండి."

"ఇక జాంగ్రీల రుచి ఆవిడే చూస్తుందండీ," అన్నారాయన.