చూడామణి కాటా, క్యాంపు గేటు

ఎస్సై నరసింగరావుతో చూడామణి దెబ్బలాడి గెలవడం ఎదురు గాజుల కొట్టులోంచి పార్వతీదేవి కళ్లారా చూసింది.

సాలూరు సంతరోజు. కొండ దిగొచ్చిన సుక్కమ్మ చూడామణి కిరాణా కొట్టు కాటా మీద నలభై కేజీల బియ్యం తూయించుకుంది. ఒక్క మనిషికి ఇన్ని బియ్యమెందుకు, అడవిలో తుపాకులవాళ్లకే అని ఎస్సై బస్తా మీద చెయ్యేశాడు. సుక్కమ్మ ఊళ్లో ఎనిమిదిళ్లు, వారానికొక ఇల్లు వంతుగా దిగి అందరి సరుకూ మోసుకుపోతుంది, మా మామగారి కాలంనుంచీ అంతేనని చూడామణి చెప్పింది. ఆయన నమ్మలేదు.

"అడవిలో ఎంతమందున్నారేటి బాబూ?"

"పదిమందుంటారు."

"ఈ నెల్లో బియ్యం కొన్నారని నువ్వు తీసుకెళ్లినోళ్లు?"

ఎస్సై వేళ్ల మీద లెక్కపెట్టాడు, పది దాటిపోయింది. బస్తా వదిలేశాడు.

ఆ గెలుపును చూడామణి నెలరోజులు అమ్ముకుంది. చెప్పిన ప్రతిసారీ ఎస్సై ఒక అంగుళం పొడుగయ్యాడు. కొసరు ఉప్పు పోస్తూ కొనేవాళ్లను తిట్టే మనిషి, ఈ కథకు మాత్రం కొసరు తిట్టకుండా పోసేది. పార్వతీదేవికి కొంచెం కుళ్లుగానే ఉండేది.

కానీ ఆ గెలుపు సంగతి, తుపాకులవాళ్లను పట్టడానికి కొండ మీద క్యాంపు వేసిన జవాన్లకు ఎవరు చెబుతారు? నెల తిరిగాక వంతు సుక్కమ్మ తమ్ముడు లచ్చయ్యది. దారిలో క్యాంపు జవాన్లు బస్తాతో సహా పట్టుకుపోయారు. మూడు రోజులైనా వదల్లేదు. వాగు దగ్గర కొత్త ముఖం కనిపిస్తే క్యాంపుకి కబురు పెట్టేవాడు ఆ లచ్చయ్యే. ఇప్పుడు ఊరు ఊరంతా నోరు మూసుకుంది. అతని ఈడు కుర్రాళ్లు ఇద్దరు, మనం కూడా అడవికే పోదామంటున్నారని సుక్కమ్మ వచ్చి చూడామణి కొట్టు మెట్ల మీద కూలబడింది.

ఆ సాయంత్రం నరసింగరావు టోపీ తీసి చేత పట్టుకుని వచ్చాడు. రెండేళ్లు తిరిగి ఊరిని మా వైపు తెచ్చుకున్నాం, ఒక్క బస్తాతో పోయిందన్నాడు.

"పోలేదు బాబూ, మీరే అటు తోలేస్తన్నారు," అంది చూడామణి.

క్యాంపు తన చేతిలో లేదనీ, టౌనులో పేరున్నవాళ్లు వచ్చి వంతు సంగతి చెబితే అధికారి వింటాడేమోననీ అతను నసిగాడు.

అతను వెళ్లగానే చూడామణి రోడ్డు దాటి గాజుల కొట్టులోకి వచ్చింది. గెలిచిన ముఖం కాదది.

"ఒసే పార్వతీ, రేపు కొట్టు మూసీ. నాతో క్యాంపు గేటు కాడికి రా. ఆ కుర్రోడిని వదిలీదాకా నా పక్కన కూకో. మాటాడ్డం నేను సూసుకుంటాను, నువ్వు నోరు తెరవకు."