దీపాలయ్యాక ఉప్పు అడిగిన ఆట

వీడియో గేముల మీద నాకు చాలా అభిప్రాయాలున్నాయి. గేముల్లో నాకున్న నైపుణ్యం కంటే అవే ఎక్కువ. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో మా కిరాణా కొట్టు గల్లాపెట్టె వెనక కూర్చుని, గిరాకీ లేనప్పుడల్లా వాటిని ఇంటర్నెట్లో రాస్తుంటాను. ఒకసారి ఎవరో ఒకాయన "అన్నా, పేరాలు కాస్త చిన్నవి చెయ్" అని జవాబిచ్చాడు. అంటే మొదటి పేరా దాకా ఒక మనిషి వచ్చాడన్నమాట. ఆ వారమంతా నేను సంతోషంగానే ఉన్నాను.

నా గోల క్లుప్తంగా ఇది. ఈమధ్య పెద్ద గేములన్నీ ఓపెన్ వరల్డ్ అంటున్నాయి, ఎటైనా తిరగొచ్చట. నాకది ఓపిక వరల్డ్. మ్యాప్ తెరిస్తే బెల్లం దిమ్మ మీద ఈగల్లా గుర్తులు. గుర్రమెక్కి, కొండలు దాటి, ఒక గుర్తు దగ్గరికి చేరితే అక్కడొక ముసలాయన తన కోడి తప్పిపోయిందని చెప్తాడు. లోకాన్ని కాపాడాల్సిన వీరుణ్ణి నేను, పొదల్లో దూరి కోడిని వెతుకుతుంటాను. ఇక సీజన్ పాస్ అని ఒకటి, సీజనంతా బహుమతులొస్తాయని ముందే డబ్బు కట్టించుకునేది. కొన్నాను. సీజన్ అయిపోయింది గాని నేను పాస్ అవలేదు. పాత గేముకే సున్నం కొట్టి రీమేక్ అని మళ్ళీ అమ్మేవాళ్ళ మీద కూడా నాకు చాలా కోపం. ఆ కోపంతోనే మొదటిరోజే కొనేస్తాను.

ఇన్ని తెలిసిన నేను నిజానికి రోజూ ఆడేది మాత్రం ఫోన్లో ఒక పొలం గేము. దానికి కారణం మా మేనత్త. మా కొట్టుకి పెద్ద దిక్కు ఆవిడే. నేను ఉత్త గుమాస్తాని, మేనల్లుడి హోదాలో.

చెడ్డ డిజైన్ ఎలా ఉంటుందో చూపిద్దామనే నేను ఆ గేము ఆవిడ ఫోన్లో ఎక్కించాను.

"సూడత్తా, ఈ పెట్టె ఉన్నాది కదా. లోపల ఏటుందో సెప్పకుండా తెరవమంటాడు. ఇదొక రకం జూదం. ఇప్పుడు గేములు తీసేవాళ్ళంతా దీని మీదే బతుకుతన్నారు."

"లోపల ఏటున్నాదో ముందే తెలిసిపోతే ఇంక తెరవడం దేనికిరా?" అని ఆవిడ టక్కున నొక్కేసింది. ఊదారంగు బాతు వచ్చింది. మా అత్త ముఖం అంత వెలగడం నేను కొట్టుకి కొత్త ఫ్రిజ్ వచ్చిన రోజు కూడా చూడలేదు.

నెల తిరిగేసరికి ఆవిడ ఒక జట్టుకి నాయకురాలు. వీధిలో ఆడవాళ్ళూ, కొట్టుకొచ్చే గిరాకీలూ సభ్యులు. నేను ఉపనాయకుణ్ణి. అంటే గేములో వచ్చే ఇంగ్లీషు చదివి చెప్పడం, అది ఆవిడకి నచ్చకపోతే తిట్లు తినడం. మా జట్టులో గట్టి ఆటగాడు కళింగపట్నం నుంచి వచ్చి మా దగ్గర బస్తాలకి బస్తాలు ఉప్పు కొనే ఒక బావ. వరసకి ఏమీ కాడు, అలవాటుకి బావ. వాళ్ళింట్లో సముద్రంలో వేట, ఒడ్డున చేపలు ఎండబెట్టడం. గేములో కూడా అదే పని పెట్టుకున్నాడు.

"పొద్దల్లా ఏట సేసొచ్చి మళ్ళీ ఫోన్లో కూడా ఏటేటి బావా?" అన్నానొకసారి.

"ఇక్కడ వల సిరగదు బావా" అన్నాడు. మంచి గేముకి ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఇంతవరకూ రాయలేదు.

ఆ గేములో వారానికొక ఓడ వస్తుంది. జట్టంతా కలిసి దాన్ని సరుకుతో నింపాలి. శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఓడ కదిలిపోతుంది. అప్పటికి ఎక్కువ సరుకు ఎక్కించిన జట్టుకి ఏదో ఒక బహుమతి ఉంటుంది. ఆ వారం బహుమతి రాతి ఏనుగు. తొండంతో నీళ్ళు చిమ్ముతుంది, మధ్యమధ్యలో చెవులాడిస్తుంది. అత్త దాన్ని చూడగానే, పొలంలో బావి పక్కన చోటు ఖాళీ చేసేసింది. పైగా పోటీలో మాకు ఎదురుపడిన జట్లలో ఒకటి నెల్లిమర్లది. దానికి నాయకురాలు అత్త కూతురి అత్తగారు, అంటే మా అత్తకి వియ్యపురాలు. ఇంక ఏనుగు సంగతి ఏనుగంతయింది.

"ఆవిడ ఏనుగుని తెచ్చి ఎట్టుకుంటే, రేపు నేను ఆళ్ళింటికెల్లి ఏటని కాఫీ తాగను?" అంది అత్త.

ఇక్కడ మా కొట్టు పద్ధతి చెప్పాలి. పొద్దున్న బోణీ కాకుండా కొట్టులోంచి ఏదీ ఊరికే బయటికి పోదు, అగ్గిపుల్లయినా సరే. సంధ్యవేళ దీపం పెట్టాక ఉప్పూ, సూదీ గడప దాటవు, రెట్టింపు ధర ఇచ్చినా సరే. స్టేషన్ రోడ్డు వాళ్ళందరికీ తెలుసు, ఆ వేళకి ముందే వచ్చి పట్టుకుపోతారు. మా అత్త ఈ రెండు పద్ధతుల్నీ గేములోకి కూడా తీసుకుపోయింది. ఎవరు ఏది అడిగినా బోణీ అయ్యాకే ఇస్తుంది. దీపమయ్యాక ఉప్పు ఇవ్వదు. జట్టంతా దానికి అలవాటు పడిపోయింది. ఆటగాళ్ళు తమ రూల్సు తామే వెంట తెచ్చుకుంటారని నేను దీని మీద పెద్ద వ్యాసమే రాశాను.

శుక్రవారం తెల్లారేసరికి లెక్క ఇలా ఉంది: మేమూ నెల్లిమర్లా సమానం, మూడో జట్టొకటి వెనకాలే. మాకింక ఎక్కించాల్సింది ఎండు చేపల పెట్టె ఒక్కటే. చేపలు బావ దగ్గరున్నాయి, ఉప్పు లేదు. ఉప్పుమళ్ళున్నది అత్త పొలంలో. నా పొలంలోనూ ఒకటుండేది గాని, అందం చెడుతోందని పీకేసి బంతిపూలు వేశాను.

వేట నుంచి ఒడ్డుకి రాగానే బావ గేములో ఉప్పు అడిగాడు. అప్పటికి బోణీ అవలేదు. పైగా ఆరోజు వాన, రోడ్డు మీద కుక్క కూడా లేదు.

"అత్తా, నేనే ఒక సబ్బు కొనేస్తాను."

"ఇంట్లోవాడి బోణీ ఒక బోణీయేనేటిరా? మూసుకుని కూకో."

వాన తగ్గి, రైలు దిగినాయనొకడు కొబ్బరినూనె సీసా కొనేసరికి మధ్యాహ్నం కావచ్చింది. అత్త ఫోన్ అందుకుంది. గేము తెరుచుకోలేదు. 'మీకోసం మరింత మెరుగుపరుస్తున్నాం, ఓపిక పట్టండి' అని వచ్చింది. ఇదీ నా ఇంకో అభిప్రాయం: కొన్న గేమైనా, ఊరికే వచ్చిన గేమైనా, ఇప్పుడు దేని తాళమూ మన దగ్గర ఉండదు. వాడెక్కడో షట్టరు దించేస్తే మనం అరుగు మీద కూర్చోవాలి. ఇది ఆవేశంగా చెప్తుంటే అత్త అడ్డుపడి, "ఆడి కొట్టు ఆడిష్టం. నువ్వు మజ్జానం పూట కొట్టు కట్టేసి తొంగోవేటి?" అంది.

మరమ్మతులయ్యాయి. తర్వాత అప్‌డేట్ అడిగింది. మా స్టేషన్ రోడ్డు సిగ్నల్లో, అది ఎంతవరకు దిగిందో చూపే నీలం గీత గూడ్సుబండిలా కదిలింది. బయట వెలుగు తగ్గుతోంది. పక్క కొట్లలో దీపాలు పెట్టేశారు. అత్త వత్తి సరిచేసి, అగ్గిపుల్ల చేత్తో పట్టుకుని ఫోన్ వైపు చూసింది. గీత చివరికొచ్చి ఆగింది.

"ఒక్క నిమిషం ఆగత్తా" అన్నాను.

ఆగింది. మా అత్త దీపం దగ్గర ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు. పుల్ల ఇటు, కళ్ళు అటు. ఇవతల నా ఫోన్లో బావ. "అత్తా, నీ ఇష్టం. నా సేపలు రడీగా ఉన్నాయి."

వీధి చివర లైటు వెలిగింది. అత్త ఒక నిట్టూర్పు విడిచి, పుల్ల గీసి దీపం వెలిగించింది. దండం పెట్టుకుంది. ఆవిడ కళ్ళు తెరిచేసరికి గేము కూడా కళ్ళు తెరిచింది. మా పొలం, బాతులు, మెరిసిపోతున్న ఉప్పుమళ్ళు.

నా తెలివంతా ఉపయోగించాను. "సూడత్తా, ఆడి పొలంలో ఎప్పుడూ మిట్టమజ్జాన్నమే. అక్కడ సంధ్య లేదు, రాత్రి లేదు. డిజైనే అలాంటిది. అక్కడి ఉప్పుకి ఇక్కడి దీపంతో ఏటి సంబంధం?"

"అక్కడ ఎండ కాస్తే కాయనీరా. ఉప్పు ఎల్లేది నా సేతిలోంచి కదా."

మిగతా సభ్యులెవరైనా ఆవిడకి నచ్చజెప్తారేమోనని చూశాను. అందరూ మా అత్త తర్ఫీదే. వాళ్ళ ఇళ్ళల్లోనూ దీపాలు వెలిగాయి. ఓడ బూరా ఊది కదిలిపోయింది. అత్త బావి పక్కన ఖాళీ చోటుని వేలితో ఒకసారి తడిమింది.

నెల్లిమర్ల వాళ్ళకి ఏనుగు వచ్చిందేమోనని చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. అంతలో ఆ వియ్యపురాలే ఫోన్ చేసింది.

"వదినా, ఏనుగు నీకొచ్చిందా?"

"లేదు వదినా. దీపమెట్టేశాక ఉప్పు అడిగారు. ఎలగిస్తాను?"

"మాకూ అంతే. గోనెసంచుల పెట్టె మిగిలిపోయింది, కుట్టడానికి మా చిన్నకోడలు సూదులడిగింది. సంధ్యేళ సూది ఎలాగిస్తానే పిచ్చిదానా అన్నాను."

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. నవ్వులయ్యాక ఇంక రెండు జట్లెందుకు, ఒకటి చేసేద్దామన్నారు. నాయకురాలు మా అత్త, ఉపనాయకురాలు వియ్యపురాలు. నన్ను ఎవరూ తీసెయ్యలేదు, నా పదవిలో ఆవిడ కూర్చుంది, అంతే.

ఏనుగు మూడో జట్టుకి పోయింది. వాళ్ళు ఏ దేశంవాళ్ళో, పేరు ఏ లిపిలో ఉందో మాకెవరికీ తెలీలేదు. అత్త వాళ్ళ జెండా వంక జాలిగా చూసింది.

"పాపం, ఆళ్ళిళ్ళల్లో దీపమెట్టేవాళ్ళు ఎవరూ లేరు కాబోలు. గెలిచారు కదా, మంచిమాట రాయి. దీపం సంగతి కూడా అడుగు."

నాకొచ్చిన ఇంగ్లీషులో అభినందనలు చెప్పి, మీ ఇళ్ళల్లో సాయంత్రంపూట దీపం పెట్టరా అని అడిగాను. జవాబుగా మాట లేదు. ఒక బొమ్మ వచ్చింది. రాతి ఏనుగు తొండమెత్తి నీళ్ళు చిమ్ముతోంది, చెవులాడిస్తోంది.

అత్త కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఫోన్ దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసింది.

"సెవులు బాగా ఆడిస్తన్నాదిరా" అంది.