స్తుతి రిఫరీగారు

నల్లపాడు కోర్టులో స్తుతి విజిల్ వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను పెద్దమనిషి అనుకోకండి.

వాళ్ళమ్మ జయకుమారి కోల్డ్ స్టోరేజీ వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. స్తుతి అక్కడే బస్తాల మీద నంబర్లు వేసే ఉద్యోగం చేస్తుంది. సాయంత్రం ఐదయ్యేసరికి నల్ల ప్యాంటు, బూడిదరంగు చొక్కా వేసుకుని బాస్కెట్‌బాల్ రిఫరీ అయిపోతుంది. ఇద్దరం ఒకే మిషన్ స్కూల్లో ఆట నేర్చుకున్నాం. ఆటలో నేనే మేలు. అడిగితే ఆమే ఒప్పుకుంటుంది, అదింకా మంట. నేను ఇంజనీరింగ్ రెండో ఏడు మానేసి రోడ్ల మీద తిరుగుతుంటే రిఫరీ పరీక్షకు లాక్కెళ్ళింది కూడా ఆమే. "ఆటగాడి బూటు లేసు ఊడితే ఏం చేస్తారు?" అని ఒక ప్రశ్న వచ్చింది. "కట్టుకోమంటాను" అని రాసి బయటికొచ్చేశాను. ఆమె పేజీన్నర రాసింది. ఆమె పాసైంది. నేను స్కోరు బల్ల దగ్గర బజర్ నొక్కుతున్నాను.

మా నాన్న బుల్లయ్య నాతో మాట్లాడి నెలలైంది. స్తుతి కనబడితే మాత్రం బండి ఆపి "ఏమ్మా రిఫరీగారూ, బాగున్నారా?" అంటాడు. వెనక సీట్లో నేనుంటాను.

మొన్న మార్చిలో నల్లపాడుకీ చీమకుర్తికీ మ్యాచ్. రాష్ట్ర సంఘం నుంచి ఒక పరిశీలకుడు వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఆ రోజు తప్పు చేయకపోతే స్తుతికి రాష్ట్ర ప్యానెల్లో చోటు, చేస్తే ఇంకో రెండేళ్ళు ఇదే కోర్టు. ఆమె తప్పు చేయాలని కోరుకున్నాను.

ఆట మొదలవక ముందే ఒక్కొక్కరినీ నిలబెట్టి చూసింది. ఉంగరం తీయించింది, చేతి కడియం తీయించింది. మా నల్లపాడు కుర్రాడు మాలిక్ నుదుటి బ్యాండు ఎర్రది, జెర్సీ ఎర్రది. రంగు కలిసింది, సరే అంది.

రెండో క్వార్టర్లో చీమకుర్తి వాడి లేసు ఊడింది. బంతి ఆటలో ఉండగా ఆపలేదు. బయటికి పోయాక చెయ్యెత్తి, వాడు ముడి వేసుకునేదాకా నిలబడి, బంతి ఇచ్చింది. వాడిని మార్చమనలేదు. పరిశీలకుడు తల ఊపి ఏదో రాసుకున్నాడు. ఆ పేజీన్నరా నా కళ్ళముందే ఆడి చూపించినట్టు అనిపించింది.

మూడో క్వార్టర్ చివర్లో మాలిక్ ఉన్నట్టుండి కళ్ళు మూసుకుని కూలబడ్డాడు. వాడు పొద్దున యార్డులో మిర్చి బస్తాలు మోసి వచ్చాడు. ఆ బ్యాండు అప్పటిదాకా వాడి పని చొక్కా జేబులోనే ఉంది. చెమటతో పాటు కారం కళ్ళలోకి దిగింది. రంగు చూసింది కానీ వాసన చూడలేదు మహాతల్లి, అనుకున్నాను. లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

స్తుతి ఆట ఆపింది. మా కోచ్ యలమందయ్య నీళ్ళ సీసా పట్టుకుని లేచాడు.

"మాస్టారూ, గీత దాటకండి! మీరు సాయం పడితే వాడిని మార్చాల్సిందే."

"కళ్ళు మండిపోతున్నాయమ్మాయ్, చూస్తా కూర్చోమంటావా?"

"మీ ఇష్టం. చెప్పాను." మాలిక్ వైపు వంగింది. "రుద్దకురా. బ్యాండు తీసెయ్. ఆడగలవా?"

"ఆడతానక్కా, ఒక్క నిమిషం."

"నిమిషం లేదు."

జనం కూర్చున్న గట్టు మీంచి ఎవడో అరిచాడు, "ఏమ్మోయ్, పెళ్ళిచూపులా అంతసేపు చూస్తన్నావ్?" అందరూ నవ్వారు. ఆమె పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. పదిహేను దాకా లెక్కపెట్టి ఉంటుంది, అన్ని సెకన్లలో తేరుకోకపోతే మార్చాలని రూలు. మాలిక్ కళ్ళు తెరవలేకపోయాడు. మార్చమని కోచ్‌కి సైగ చేసింది.

మా బెంచీ మీద కుర్రాడు పరుగున నా బల్ల దగ్గరికి వచ్చి పేరు చెప్పాడు. ఇప్పుడు నేను బజర్ నొక్కాలి. అది మోగాక ఆమె సైగ చేస్తే వాడు లోపలికి వెళ్ళాలి. బజర్ లేకుండా పిలిస్తే తప్పు. పిలవకపోతే ఆట ఆగిపోయి ఉంటుంది, జనం ఆమెనే తిడతారు.

నేను నొక్కలేదు.

వేలు స్విచ్ మీదే ఉంది. స్తుతి నా వైపు చూసింది. "ఏందమ్మా ఆలీసం!" అని గట్టు మీంచి మళ్ళీ కేకలు. తొందరపడి పిలుస్తుందని చూశాను. పిలవలేదు. కుర్రాడు గీత మీద అడుగు వేయబోతే అరచేయి చూపించి ఆపింది. అలాగే నిలబడింది, తిట్లు తింటూ. ఆ ఓపిక చూస్తుంటే నాకు పిచ్చెక్కింది. పరిశీలకుడు ఆమెను వదిలేసి నా చేతి వైపు తిరిగాడు. అప్పుడు నొక్కాను.

క్వార్టర్ అయ్యాక ఆయన ఆమెను పిలిచాడు. "బజర్ ఎందుకు ఆలస్యమైంది? బల్ల దగ్గర ఇతన్ని మార్చమంటారా?"

స్తుతి నన్ను చూడనైనా చూడలేదు. "స్విచ్ పట్టేసిందండీ. ఇప్పుడు బాగానే ఉంది. మార్చక్కర్లేదు."

చివరి క్వార్టర్ నేను ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు. నల్లపాడు ఆరు పాయింట్ల తేడాతో ఓడింది. స్కోరు షీటు మీద నేను సంతకం పెట్టాను, అందరి తర్వాత ఆమె పెట్టింది. బ్యాండు వాసన కూడా చూసుంటే బాగుండేదని పరిశీలకుడు నవ్వుతూ అని, వచ్చే నెల ఒంగోలులో రాష్ట్ర పోటీలకు రమ్మన్నాడు.

ఆయన వెళ్ళాక అడిగాను. "అబద్ధం ఎందుకు చెప్పావే?"

విజిల్ తాడు చుట్టుకుంటూ అంది, "ఇంకో మూడు సెకన్లు చూసేదాన్ని. అప్పటికీ నొక్కకపోతే నీ పేరే చెప్పేదాన్నిరా."

అంటే నన్నూ లెక్కపెట్టింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయేవాణ్ణి. ఆమె ఆ వీలు కూడా ఇవ్వలేదు. "ఒంగోలుకి స్కోరర్లు కావాలంట, నీ పేరు ఇవ్వనా?" అని అడిగి, నా జవాబు కోసం అక్కడే నిలబడింది.

ఇవ్వమన్నాను. అందుకే ఆమె మీద ఇంకా మంట.